తాళాల బావ గీసిన రెక్క

మా బావ తాళంచెవులు చేస్తాడు. నేను జిరాక్సులు తీస్తాను. మా కొట్లు రెండిటికీ మధ్య ఉన్నది ఒకటే గోడ. మధ్యాహ్నం క్యారేజీ ఇటూ అటూ అందించడానికని ఆ గోడకి తలకాయ దూరేంత కిటికీ కొట్టించింది మా అక్క. క్యారేజీ అందేది రోజుకి ఒక్కసారి. మిగతా పొద్దంతా ఆయన ఆకురాయి చప్పుడు నేనూ, నా మిషను చప్పుడు ఆయనా వింటూ కూర్చుంటాం. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస. మా ఆవిడతో కన్నా బావతోనే ఎక్కువ కాపురం చేశానని ఓసారి నోరు జారాను. ఆవిడ వారం రోజులు దాన్ని మర్చిపోలేదు.

నేను బావా బావా అని కిటికీలోంచి అరవడం విని వీధి వీధంతా ఆయన్ని తాళాల బావ అనడం మొదలుపెట్టింది. పోస్టుమాన్ కూడా అలాగే పిలుస్తాడు. ఇంతమందికి బావ అయిపోతే నేను ఎంతమందికి అక్కనవ్వాలిరా అని అక్క నన్ను తిట్టిపోస్తుంది. ఆయన మాత్రం ఏమీ అనడు. నోట్లో నాలుక లేని మనిషి. పొడుగు, బక్కపలచన, కొంచెం ముందుకి వంగిన నడక. వేళ్ళ సందుల్లో ఎప్పుడూ ఇత్తడి పొడి మెరుస్తుంటుంది, అక్క ఎన్ని సబ్బులు మార్చినా అది పోలేదు. ఎవరైనా చెవి తెచ్చి బల్ల మీద పెడితే దాన్ని వెలుగుకి ఎత్తి ఒకసారి చూస్తాడు, అలాంటిదే ఇంకొకటి చేసి చేతిలో పెడతాడు, "తిప్పి చూడండి" అంటాడు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఆయన మాట్లాడేది ఆ రెండు ముక్కలే.

ఈ మనిషికి విమానాల పిచ్చి పట్టించినవాడు లెక్కల మాస్టారు. రిటైరైన కొత్తలో ఆయన ఒక పొడవాటి రేకు పెట్టె మోసుకొచ్చి, తాళంచెవి పోయింది, పెట్టె పాడు కాకుండా తియ్యాలి అన్నాడు. బావ రెండు నిమిషాల్లో తీశాడు. మూత ఎత్తితే లోపల పలచటి చెక్క ముక్కలు, చేప ముల్లు పరిచినట్టు వరసగా ఉన్నాయి. అన్నీ ఒకే ఆకారం. ముందు గుండ్రంగా, పైన కొంచెం ఉబ్బుగా, అడుగు చదునుగా, వెనక సన్నగా కత్తి అంచులా.

"ఏంటండీ ఇవి?" అన్నాడు బావ.

"రెక్క పక్కటెముకలు. వీటి మీద పలచటి కాగితం అతికిస్తే విమానం రెక్క అవుతుంది. చిన్న విమానం లెండి, చేతిలో పట్టేది. కాకపోతే నిజంగానే ఎగురుతుంది."

బావ ఒక ముక్క తీసుకుని వెలుగుకి ఎత్తాడు. ఇంకో ముక్క తీసి దాని పక్కన పెట్టాడు. "ఈ రెండూ ఒకటి కావండీ," అన్నాడు. "ఇది పైన కొంచెం పల్లం."

మాస్టారు మొహం చిన్నబోయింది. లెక్కలొచ్చు గానీ చెయ్యి నిలవదని ఒప్పుకున్నాడు. మర్నాటి నుంచీ ఆ పని మా బావది.

పని ఎలా ఉంటుందో చెప్తాను. వినడానికి విసుగనిపిస్తే అది నా తప్పు కాదు, తొమ్మిదేళ్ళు దాన్ని భోజనాల బల్ల మీద చూసినవాణ్ణి నేను. రెక్కని అడ్డంగా కోస్తే కనబడే ఆకారాన్ని ఎయిర్‌ఫాయిల్ అంటారు. విమానం గాల్లో నిలబడేది ఆ గీత మీదే. మాస్టారి పుస్తకంలో పేజీకొక ఎయిర్‌ఫాయిల్ ఉంటుంది, దాని కింద అంకెల పట్టిక. ముక్కు నుంచి ఇంత దూరంలో పై గీత ఇంత ఎత్తు, అడుగు గీత ఇంత లోతు అని. మనకి కావలసిన వెడల్పుకి ఆ అంకెలన్నీ బావ లెక్కగట్టి గళ్ళ కాగితం మీద చుక్కలు పెడతాడు. ప్రతి చుక్క మీదా ఒక గుండుసూది గుచ్చుతాడు. ప్యాకింగు పెట్టెలకి చుట్టే సన్నటి ఇనప పట్టీ ఒకటి ఉంది ఆయన దగ్గర. దాన్ని సూదుల వెంట మెల్లిగా వంచి, ఊపిరి బిగబట్టి, ఒకే విసురులో పెన్సిలు లాగుతాడు. ఆ క్షణంలో ఇంట్లో ఎవరూ కుర్చీ జరపకూడదు. నేనోసారి తుమ్మితే మా అక్క నన్ను వంటింట్లోకి తరిమింది.

ఆ కాగితాన్ని రేకు మీద అతికించి, కోసి, తాళంచెవుల ఆకురాయితోనే గీత దాకా అరగదీస్తాడు. అలాంటి రేకులు రెండు. ఆ రెండిటి మధ్యా బాల్సా అనే దూదంత తేలిక చెక్క ముక్కలు పలచటివి పది పన్నెండు పేర్చి, బోల్టులు బిగించి, గరుకు కాగితంతో రుద్దుతాడు. రేకు తగిలి కరకరమన్న చోట ఆపాలి. విప్పితే ఒక్క ఎముకకీ ఇంకో ఎముకకీ తేడా ఉండదు.

ఊరి చివర పాత ఇటుకబట్టీ వెనక ఓ ఖాళీ మైదానం ఉంది. ఆదివారం పొద్దున విమానాల వాళ్ళంతా అక్కడ చేరి, చిన్న మోటారు బిగించిన విమానాల్ని రిమోటుతో ఎగరేస్తారు. తొమ్మిదేళ్ళలో ఆ గుంపు ముగ్గురి నుంచి ముప్పై మందయింది. అందరూ వాడేది మాస్టారి పుస్తకంలో ఇరవైమూడో పేజీ రెక్కే. కొత్తవాళ్ళకి అది మంచిదట, తొందరగా పడిపోదట. అందరికీ దాని రేకులు చేసిచ్చింది మా బావే. ఒకళ్ళ దగ్గర రేకు పోయినా, వంగినా, మళ్ళీ కొట్టుకి వచ్చేవాళ్ళు. ఆయన మళ్ళీ చేసిచ్చేవాడు.

ఇలా హాయిగా గడిచిపోతుండగా ఒక ఆదివారం కొత్తగా వచ్చినాయన ఎవరో, బావ విమానం తేలికగా వాలడం చూసి, "భలే ఉందండీ, ఎవరిదండీ ఈ రెక్క?" అని అడిగాడు.

"పుస్తకంలోదండీ," అన్నాడు బావ.

ఆ జవాబు ఆయనకే గుచ్చుకుంది. దార్లో నాతో అన్నాడు. "ఒరేయ్, నాకిప్పుడు యాభై మూడు. ఇన్నేళ్ళలో నేను చేసిన చెవి ఒక్కటి కూడా నాది కాదు. ఎవరో చేసిన తాళానికి, ఇంకెవరో చేసిన చెవికి జత చేశాను. ఈ రెక్కలూ అంతే. ఒక్కటి, ఒకే ఒక్క గీత, నాదంటూ ఉంటే బాగుణ్ణు. అది ఎగిరితే చాలు."

అంతసేపు మాట్లాడ్డం ఆయన జన్మలో అదే మొదటిసారి. నేను నవ్వేశాను. నవ్వకుండా ఉండాల్సింది.

ఆ సాయంత్రం నుంచే మొదలైంది. పట్టిక లేదు, సూదులు లేవు. తెల్లకాగితం ముందు పెట్టుకుని, ఇనప పట్టీని వేళ్ళతో ఇలా వంచి అలా వంచి, కళ్ళు చిట్లించి చూసి, గీసేవాడు. చెరిపేవాడు. నచ్చినదాని మూల మీద "సొంతం ఒకటి" అని రాశాడు. ఆ తర్వాత రెండు, మూడు. మాస్టారు పద్ధతి చెప్పబోతే, "మీరు చెప్తే మీదవుతుందండీ" అన్నాడు. మొండితనంలో ఆయనకి ఆయనే సాటి.

సొంతం ఒకటి మరీ లావు. మేం దానికి దిండు అని పేరు పెట్టాం. నేను పొద్దున పరుపు మీంచి లేవడానికి పడే అవస్థంతా పడి గాల్లోకి లేచింది, లేచినంత బద్ధకంగానూ కిందికి దిగిపోయింది. నాలుగోది మరీ పలచన, విసిరిన బాకులా పోయి ముళ్ళకంపలో పడింది. ఏడోది మాత్రం నిజంగా ఎగిరింది. రెండు నిమిషాలు మా అందరి మెడలూ పైకే ఉన్నాయి. అక్క చప్పట్లు కొట్టింది. కానీ మాస్టారు ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, ఇబ్బందిగా, "ఇది మన నలభై ఒకటో పేజీకి తమ్ముడిలా ఉందయ్యా" అన్నాడు. పుస్తకం తెచ్చి పక్కన పెడితే తమ్ముడు కాదు, కవల. మొదట్లో చెయ్యి తిరగడానికని ఆ పేజీ బావ ఎన్నిసార్లు గీశాడో ఏమో, చెయ్యి మర్చిపోలేదు. ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

పదకొండో దాని మీద మూడు నెలలు కూర్చున్నాడు. దాన్ని ఎగరేసిన రోజు మైదానమంతా జనం. విమానం బాగానే పైకి వెళ్ళింది. మోటారు తగ్గించగానే ముక్కు దించి, తిన్నగా వచ్చి ఇటుకల కుప్ప మీద పడింది. ఆయన వెళ్ళి ముక్కలు ఏరుకుంటున్నాడు. నేను ఊరుకోవచ్చు కదా? నోటి దురద. అందరి ముందూ అన్నాను.

"బావా, దేవుడు నాకు కాపీ మిషను ఇచ్చాడు, నీకు కాపీ చేతులు ఇచ్చాడు. మనిద్దరికీ సొంత గీతలెందుకు చెప్పు?"

ఒకరిద్దరు నవ్వారు. ఆయనా నవ్వాడు. "నిజమేరా," అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ మర్నాటి నుంచీ భోజనాల బల్ల ఖాళీ. పట్టీ, పెన్సిళ్ళు, తెల్లకాగితాలు అన్నీ అలమర పైకెక్కాయి. ఇరవైమూడో పేజీ రేకులు మాత్రం ఎవరడిగినా చేసిస్తూనే ఉన్నాడు. అది వేరే సంగతి, కాపీయే కదా అనేవాడు. అక్క నాకు కంచం పెట్టి, "బల్ల ఖాళీ అయింది చూశావా? ఇంక చేతులు బార్లా చాపుకుని తిను," అంది. ఆ తర్వాత నెల్లాళ్ళు నాతో ముక్తసరిగా మాట్లాడింది. నాకూ లోపల పీకుతూనే ఉంది. క్షమాపణ చెప్పడానికి మాత్రం మెడ వంగలేదు. ఆ వంకర మా నాన్న దగ్గర్నుంచి వచ్చింది.

అప్పుడు వచ్చింది పళ్ళ డాక్టరమ్మ గొడవ.

ఈవిడ మా గుంపులో అందరికన్నా బాగా ఎగరేస్తుంది, నోటి నుంచి ఒక్క మాట వృథాగా పోనివ్వదు. కొత్తవాళ్ళు పెరిగిపోతున్నారు, ప్రతివాళ్ళూ తాళాల బావ రేకు కోసం నెల నెలా ఎదురుచూడ్డం ఏం బాగుంది, ఒక ప్లాను కాగితం అచ్చేయిద్దాం అంది. తనే కంప్యూటర్లో ఇరవైమూడో పేజీ అంకెలు ఎక్కించి, గీత గీయించి, నా దగ్గరే పెద్ద సైజులో కాగితాలు తీయించింది. నలుగురు కొత్తవాళ్ళు ఆ కాగితం పెట్టి రెక్కలు చేసుకున్నారు. నాలుగూ ఒకటే జబ్బు. వేగంగా పోతున్నంతసేపూ బుద్ధిగా ఉంటాయి. దింపుదామని నెమ్మది చేయగానే ఒక పక్కకి ఒరిగి పడతాయి.

డాక్టరమ్మ తిన్నగా నా కొట్టుకొచ్చింది. "ఏమండీ, మీ మిషను బొమ్మని సాగదీస్తోంది," అంది.

నా ఒళ్ళు మండింది. నన్నేమన్నా పడతాను గానీ మిషనుని అంటే పడను. "నా మిషను వెంట్రుక వాసి కూడా సాగదీయదండీ," అని స్టీలు స్కేలు తీశాను. కాగితం అంచున ఆవిడే గీయించిన పది సెంటీమీటర్ల గీత సరిగ్గా పది ఉంది. నిలువుగా కొలిచాను, అదీ పదే. పుస్తకంలో అంకెలతో చుక్క చుక్కా కొలిచాం. తప్పు పట్టడానికి ఏమీ లేదు.

"మరైతే?" అంది ఆవిడ.

"మరైతే ఏముంది? బావా, ఓ రేకు ఇటివ్వు!" అని కిటికీలోంచి అరిచాను. ఆయన చేతికి దొరికినది అందించాడు. దాన్ని కాగితం మీద, గీత మీద సరిగ్గా కూర్చోబెట్టాను. పైన బాగానే ఉంది. కింద లేదు. ముక్కు దగ్గర నల్లగీత రేకు దాటి బయటికి తొంగి చూస్తోంది. అడుగున, సగం నుంచి తోక దాకా, సన్నగా ఇంకో నల్లగీత. అంటే రేకు అక్కడ లోపలికి అరిగి ఉంది. ఇంకో రేకు తెప్పించాను. అంతే. డాక్టరమ్మ తన పాత రేకు సంచిలోంచి తీసింది, ఆరేళ్ళ నాటిది. అదీ అంతే, అదే చోట, అదే మేర.

నా మిషను పరువు నిలబడ్డ సంతోషంలో నాకు ఒళ్ళు తెలీలేదు. "బావా, దొంగ దొరికాడు! రా, ఇటు రా!" అని కేకలు పెట్టాను.

ఆయన చేతులు తుడుచుకుంటూ చుట్టూ తిరిగి వచ్చాడు. వంగి చూశాడు. మూడు రేకులూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూశాడు. వెనక ఉన్న కాగితాల కట్ట మీద కూలబడ్డాడు.

"అయితే కాపీ చెయ్యడం కూడా చేతకాదన్నమాట నాకు," అన్నాడు. "తొమ్మిదేళ్ళు. ఇంతమంది నమ్మి పట్టుకెళ్ళారు."

నాకు తల తీసేసినట్టయింది. ఆయనకి మిగిలిందని నేనన్న ఒక్కదాన్నీ నేనే లాగేశాను. ఆయన అప్పుడే, అందరి రేకులూ వెనక్కి తీసుకోవాలి, మళ్ళీ చేసివ్వాలి అని లెక్కలు వేసుకుంటున్నాడు.

అంతలో కిటికీలోంచి, క్యారేజీ తెచ్చిన అక్క తల కనబడింది. "ఏమైంది? ఎవరు పోయారు?"

డాక్టరమ్మ చెప్పింది. అక్క ఒక రేకు అందుకుని, బొటనవేలితో అంచు వెంట తడిమింది. ముక్కు మీద, తర్వాత పొట్ట కింద.

"ఏముంది ఇందులో? తాళంచెవికి చేసినట్టే చేశారు. మొన కాస్త గుండ్రం చేసి, పొట్ట కింద రెండు రుద్దులు రుద్దారు. అలా చెయ్యకపోతే చెవి తాళంలో బిగుస్తుందని మీరే కదండీ అంటారు? ఈ కొట్లోంచి వెళ్ళే ప్రతి చెవికీ చేస్తారుగా!"

"నేనెప్పుడు చేశాను?" అన్నాడు బావ.

"ఎప్పుడు చెయ్యలేదు? మొన్న నా అట్లకాడ పిడి అతికించమని ఇస్తే దానికీ అలాగే రుద్దిపెట్టారు."

డాక్టరమ్మ ఇదంతా విని ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "తొమ్మిదేళ్ళుగా మెత్తగా వాలుతున్నవన్నీ ఈ రేకుతో చేసినవే కదా? ఒరిగి పడుతున్నవి పుస్తకం గీతతో చేసినవి కదా?"

బావ తలెత్తి ఆవిడ వైపు చూసి, మళ్ళీ తల దించుకున్నాడు. ఆశ పడ్డానికి భయపడ్డాడని నాకు తెలిసిపోయింది.

సాయంత్రానికి మాస్టారు వచ్చాడు. లెక్కల మనిషి కదా, ఊరికే ఒప్పుకోడు. "కొత్తవాళ్ళ చేతి తప్పు కావచ్చు. జిగురు బరువు కావచ్చు. పరీక్ష పెట్టందే చెప్పడానికి వీల్లేదు," అన్నాడు. విమానం ఒకటే ఉండాలి, రెక్కలు రెండు. రెండూ ఒకే చెయ్యి చెయ్యాలి. ఒకటి పుస్తకం గీతకి సరిగ్గా, ఇంకోటి పాత రేకుతో. "నీ చేతి అలవాటు గొప్పదో, నిర్లక్ష్యమో ఆదివారం తేలిపోతుంది," అన్నాడు. ఆ రెండో మాట అనకపోతే ఏం పోయిందో! బావ ఆ రాత్రి సరిగ్గా తినలేదని అక్క చెప్పింది.

పుస్తకం గీతకి రేకు చెయ్యడం ఎంత తమాషా అయిందంటే, మూడు రేకులు పాడయ్యాయి. ఆకురాయి గీత దాకా వస్తుంది, చెయ్యి ఆగదు. ముక్కు దగ్గరకి రాగానే దానంతటదే చుట్టు తిరిగి పోతుంది. చివరికి అక్క భూతద్దం పట్టుకుని ఎదురుగా కూర్చుంది. "ఆగండి. ఆగండంటున్నానా!" అని ప్రతి రుద్దుకీ ఆయన మణికట్టు పట్టుకుంది. "ఇదేం చెయ్యే, నా మాట వినదు," అని ఆయనే ఆశ్చర్యపోయాడు. నాలుగో రేకు గీతకి సరిపోయింది. దాన్ని చూసి, "బోసిగా ఉంది," అన్నాడు.

ఆదివారం గాలి తక్కువ. రెండు రెక్కలకీ ఒకే రంగు కాగితం, పైనుంచి చూస్తే తేడా తెలీదు. రెక్కని విమానం మీద రబ్బరు బ్యాండ్లతో కట్టడమే కనక మార్చడం నిమిషం పని. ఎగరేసేది డాక్టరమ్మ. ఆవిడ వెనక్కి తిరిగి నిలబడుతుంది, మాస్టారు ఏదో ఒక రెక్క కడతాడు, ఏది కట్టాడో చెప్పడు. ఒక్కోటి ఐదు సార్లు. పైకి తీసుకెళ్ళి, మోటారు ఆపి, వీలైనంత నెమ్మదిగా దింపాలి, ఒరిగిందో లేదో ఆవిడ చీటీ మీద రాసుకోవాలి.

బావ నా స్కూటరు వెనక్కి వెళ్ళి, టైరులో గాలి చూస్తున్నట్టు కూర్చున్నాడు. "నువ్వు చూసి చెప్పరా," అన్నాడు.

మొదటిసారి విమానం ఇటుకబట్టీ గొట్టం ఎత్తు నుంచి నెమ్మదిగా దిగుతూ దిగుతూ, ఎడమ పక్కకి టక్కున ఒరిగింది. డాక్టరమ్మ మోటారు వేసి కాపాడింది. రెండోసారి మాస్టారు ఏదో కట్టాడు. విమానం దాదాపు ఆగిపోయిందా అన్నంత నెమ్మదించింది. ఒరగలేదు. అలాగే చదునుగా, మెట్లు దిగినట్టు దిగి, గడ్డిలో కూర్చుంది.

"ఇప్పుడేది?" అన్నాడు స్కూటరు వెనక నుంచి.

"తెలీదు బావా. మాస్టారు చెప్పట్లేదు."

పది సార్లు. కొరికి కొరికి నా గోళ్ళు అయిపోయాయి. ఐదుసార్లు ఒరిగింది, ఐదుసార్లు కూర్చుంది. మాస్టారు చొక్కా జేబులోంచి తను రాసుకున్న చీటీ తీసి, డాక్టరమ్మ రాసిన చీటీ పక్కన పెట్టి, కళ్ళజోడు పైకి తోసుకుని, రెండుసార్లు చదివాడు. అప్పుడు స్కూటరు దగ్గరికి తనే నడిచి వచ్చాడు.

"లేవయ్యా," అన్నాడు. "ఒరిగినవి ఐదూ పుస్తకానివి. కూర్చున్నవి ఐదూ నీ రేకువి."

బావ లేవలేదు. "అంటే అది ఏ పేజీలోది మాస్టారూ?"

"ఏ పేజీలోనూ లేదు. ఈ వారమంతా నా దగ్గరున్న పుస్తకాలన్నీ తిరగేశాను, నలభై ఒకటో పేజీ అనుభవం ఉంది కదా మనకి. నీ రేకు కొలిచి పట్టిక కూడా రాశాను. ఇంతకుముందు ఎవరూ ఇలా గీసినట్టు నాకు కనబడలేదు. ఇది నీదయ్యా. మేమందరం తొమ్మిదేళ్ళుగా నీ రెక్క మీదే ఎగురుతున్నాం."

మాస్టారు ఇచ్చిన పట్టిక కాగితం బావ చేతిలోకి తీసుకుని, పై నుంచి కిందికి వేలు పెట్టి అంకెలు చదువుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి. అక్క చీర కొంగుతో మొహం తుడుచుకుంటూ, "ఇప్పుడైనా లేవండి, మోకాళ్ళు పట్టేస్తాయి," అంది.

నేను ఇంక ఆగలేకపోయాను. "బావా, ఆ రోజు నేనన్నది తప్పు. కుక్కలా మొరిగాను. లెంపలేసుకుంటున్నాను," అని నిజంగానే వేసుకున్నాను, ముప్పై మంది ముందు.

"గట్టిగా వేసుకోరా, వినబళ్ళేదు," అన్నాడు మా బావ. నోట్లో నాలుక ఉందని ఆ రోజే తెలిసింది మాకు.

డాక్టరమ్మ పాత ప్లాను చింపేసింది. కొత్తది అచ్చయ్యేదాకా ఆగలేని వాళ్ళు రేకు మీద పెట్టి గీసుకోండి అంది. అందరికన్నా ముందు బేకరీ ఆయన వచ్చాడు, మా గుంపులో అందరికన్నా కొత్త. కారు బానెట్టు మీద కాగితం పరిచి, దాని మీద రేకు పెట్టి, పెన్సిలు ముల్లులా చెక్కుకుని, నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి అంచు వెంట గీయడం మొదలుపెట్టాడు. ముక్కు దగ్గర చెయ్యి కొంచెం జారింది. ఛ ఛ అనుకుని, ఆ ముక్క శుభ్రంగా చెరిపి, మళ్ళీ గీశాడు. వెంట్రుక వాసి కూడా తప్పకూడదని ఆయన పట్టుదల. ఆయన వెనక ఇంకో ఇద్దరు కాగితాలు పట్టుకుని నిలబడ్డారు.

బావ కాస్త దూరంలో చేతులు వెనక్కి కట్టుకుని చూస్తున్నాడు. సాయం చెయ్యబోయి ఆగిపోయాడు. నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"ఒరేయ్," అన్నాడు. "నాది చూసి గీసుకుంటున్నార్రా."

"చూస్తున్నాను బావా," అన్నాను.